అవసర సభ్యులు

ఎనభై నాలుగు ఎండాకాలంలో నా చెయ్యి లెక్కలోకి రాలేదు. ఎత్తాను, హాలంతా చూసింది, లెక్కపెడుతున్నవాడు నా సొంత తమ్ముడు. అయినా రాలేదు. ఎవరైనా అడిగితే ఇంతవరకే చెప్పి ఊరుకుంటాను. అడిగినవాళ్ళు మా తమ్ముణ్ణి నాలుగు తిట్టి వెళ్ళిపోతారు. మిగతాది నేనూ చెప్పను, మా అమ్మాయీ చెప్పదు.

బరంపురంలో అప్పడాలు చేసే ఆడవాళ్ళ సంఘం మాది. బడా బజారు వెనక వీధిలో సంఘానికి ఒక కట్టడం ఉంది. కింద హాలు, పక్కన బల్లా బీరువా పట్టే ఆఫీసు గది, పైన కప్పులేని మేడ. ఆ మేడ కోసమే సంఘం అనుకోండి. మాలో చాలామందికి ఇల్లంటే వీధివైపు ఒక గది, వెనక వంటిల్లు, మధ్యలో చీకటి. పిండి దంచడం ఎక్కడైనా దంచుకుంటాం, ఒత్తడం గుమ్మంలో కూచునైనా ఒత్తుకుంటాం. ఆరబెట్టడానికి మాత్రం ఆకాశం కావాలి. అదీ ఊరికే ఎండ తగిలితే చాలదు. మరీ ఎక్కువైతే అప్పడం అంచులు పగులుతాయి, గోపాలపూర్ వైపు నుంచి తేమగాలి కొడితే మెత్తబడి మర్నాటికి వాసనొస్తుంది. మా మేడకి పడమర గోడ ఎత్తు. మధ్యాహ్నం దాటితే సగం నీడ పడుతుంది. అలాంటి జాగా ఊళ్ళో ఇంకోటి లేదు.

సంఘం పెట్టినప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. ఒక పీటకి ఒక ఓటు అని రాసుకున్నాం. చేరిన రోజున పీట అడుగున ఎర్రగా కాల్చిన చువ్వతో నంబరు వేస్తారు. మా అందరిలోకీ పెద్దది గురువమ్మత్త, ఆవిడది ఒకటి, నాది నాలుగు. ఆ పీట ముందు కూచుని ఎవరు ఒత్తితే వాళ్ళే సభ్యులు. దుకాణదారులకీ దళారులకీ చోటు లేదు. లాభం పంచుకోకూడదు, ఏమైనా మిగిలితే మేడ మరమ్మత్తుకీ వానాకాలం టార్పాలిన్లకీ పోవాలి. నిబంధన మార్చాలంటే ముప్పాతిక మంది ఒప్పుకోవాలి. మేడని బయటివాళ్ళకి ఇవ్వాలంటే మాత్రం సమావేశంలో ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలని రాసుకున్నాం. మేడని ఇచ్చేవాళ్ళు మాలోంచే పుడతారని ఎవరనుకున్నారు?

కార్యదర్శి ఒక్కడే బయటివాడు. ప్రభుత్వం కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి కాబట్టి చదువుకున్నవాణ్ణి పెట్టుకోవాలి. జీతం లేదు, ఓటు లేదు. ఆరేళ్ళుగా మా తమ్ముడు వైకుంఠరావే కార్యదర్శి. వాణ్ణి పెట్టమని ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి కాలేజీ దాకా చదివించింది కూడా నా పీటే. పెళ్ళయి పక్క వీధిలో కాపరం పెట్టినా మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే చేసేవాడు. మరదలు చేసిన పులుసు వాడికి నచ్చదట. నాకు అదొక గర్వం, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా.

ఆ ఏడు మాఘమాసంలో ఒకరోజు అన్నం తింటూ మాట తీశాడు.

"అప్పా, ఆదివారం మీటింగులో ఒక తీర్మానం ఉంది. నువ్వు పెడితే బాగుంతాది."

"ఏటది?"

"పెద్దోల్లని గౌరవించాల. యాభై దాటినోల్లందరికీ శాలవాలు కప్పి, ముందు వరసలో కుర్చీలేసి, పుస్తకంలో ఏరే పేజీలో పేర్లు రాస్తాం."

"ఆ పేజీకి పేరేటి?"

వాడు చారు కలుపుకుంటూ చెప్పాడు. "అబసరప్రాప్త సభ్య."

నాకు ఒడియా వచ్చు. బజారులో బేరమాడతాను, పప్పులో రాళ్ళు కలిపినవాణ్ణి నిలబెట్టి కడిగేస్తాను, బస్సులో సీటు కోసం దెబ్బలాడతాను. అదంతా నోటి ఒడియా. కాగితాల ఒడియా వేరే. మనం వ అన్నచోట వాళ్ళు బ అంటారు, అంతవరకు తెలుసు. అబసర అన్నాడు, నేను అవసర అని విన్నాను. సంఘానికి అవసరమైనవాళ్ళం. ఎంత మంచి మాట అనుకున్నాను. ముప్పై ఏళ్ళు నడుములు విరిగేలా ఒత్తిన ఆడవాళ్ళని ఎవరైనా ఎప్పుడైనా అవసరం అన్నారా?

ఆదివారం యాభై ఎనిమిది మంది వచ్చారు. మొత్తం అరవై ఇద్దరం. వైకుంఠరావు నిలబడి తీర్మానం ఒడియాలో చదివాడు. గొంతు బాగుంటుంది వాడిది. చదవడం అయ్యాక గురువమ్మత్త చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగింది.

"అవసరవా? మమ్మల్ని అవసరం అంతన్నారా బాబూ?"

వాడు నవ్వాడు. "మరి కాదేటత్తా? మీరు నేకపోతే సంఘం ఎక్కడిది?"

గురువమ్మత్త కళ్ళు తుడుచుకుంది. చుట్టూ ఉన్న ముసలాళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నారు. వయసులో ఉన్నవాళ్ళలో ఒడియా బళ్ళో చదివినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళెవరూ నోరెత్తలేదు. అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలని నాకు తోచలేదు. తీర్మానం నా పేరు మీద పెట్టారు. అందరూ చేతులెత్తారు. నేను తెలుగులో సంతకం చేశాను, కామాక్షి అని, మూడో అక్షరం కింద వత్తు వంకర లేకుండా.

ఇంటికొచ్చి మా వరలక్ష్మికి చెప్పాను. నాకున్నది ఆ ఒక్క పిల్ల. ఇరవై మూడేళ్ళు, ఒడియా బళ్ళో పదకొండు దాకా చదివింది. దండెం మీద బట్టలు తీస్తోంది.

"అబసర అంటే అవసరమే గదే?" అన్నాను.

"ఆఁ, అదే" అంది. బట్టలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చైత్రంలో శాలువాలు కప్పారు. ఇరవై ముగ్గురం. ముందు వరసలో కుర్చీల్లో కూచుంటే కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు, మేమంతా చాపల మీద బతికినవాళ్ళం. గురువమ్మత్త ఆ శాలువా మడతపెట్టి దేవుడి గూట్లో పెట్టుకుంది. నేను మటుకు రెండ్రోజులు కప్పుకుని తిరిగాను, అంత ఎండలో.

ఆ తరవాత వారం కంపెనీవాళ్ళు వచ్చారు. కటకం నుంచి, జీపులో. మిషను అప్పడాలు చేసే కంపెనీ. ఇద్దరు మగవాళ్ళు చెప్పులతోనే మేడెక్కి, మా అప్పడాల గుడ్డల మధ్యనుంచి టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నారు. ఒకడు అటు గోడ దగ్గర, ఒకడు ఇటు గోడ దగ్గర. నేను అప్పడాలు తిరగేస్తూ ఉన్నాను.

"ఏ బాబూ, చెప్పులు తియ్యి" అన్నాను ఒడియాలో.

తీశాడు పాపం. "ఇక్కడ రేకుల షెడ్డు పడుతుంది మాఉసీ. మిషన్లు కిందా, ప్యాకింగు పైనా" అని, పిన్నిని పిలిచినట్టు పిలిచి మరీ చెప్పాడు, నేనేదో పనిమనిషిని అనుకుని.

మధ్యాహ్నం వైకుంఠరావుని నిలదీశాను. "మేడకి కొలతలేటి?"

"ఒచ్చారు, సూసుకున్నారు, ఎల్లిపోనారు. అడిగినోల్లకి సూపించకపోతే తప్పుగాదేటప్పా? ఏటైనా మీటింగులో అందరూ కలిసి సెప్పాలిగదా."

"మీటింగులో పెడతావన్నమాట."

"కంపెనీ ఉత్తరం రాసింది. మీటింగులో పెట్టమని కమిటీ సెప్పింది. నాను కార్యదర్శిని, నా సేతిలో ఏటుంది?"

అది నిజమే. ఏడుగురి కమిటీలో నలుగురికి సొంత మేడలున్నాయి, సంఘం మేడతో పనిలేదు. మేడలున్నవాళ్ళకి కంపెనీ ప్యాకింగు పని ఇస్తానందట, రోజుకూలి. ఒత్తి ఒత్తి విసిగిపోయినవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళని నేను తప్పుపట్టను. కంపెనీ అడిగినట్టు పదేళ్ళకి మేడ ఇచ్చేస్తే మాలాంటి చీకటి ఇళ్ళవాళ్ళు ఎక్కడ ఆరబెట్టుకోవాలి అన్నదే నా ప్రశ్న. నాకు ఇంకో పని రాదు. ఈ వయసులో నేర్చుకోను కూడా.

వైశాఖం రెండో ఆదివారం మీటింగని నోటీసు అంటించారు. నేను తిరగడం మొదలుపెట్టాను. పొద్దున్నే పిండి దంచేసి, పది గంటలకి మేడ మీద గుడ్డలు పరిచేసి, ఆ ఎండలోనే ఇంటింటికీ. సంఘం మొదట్లో ఎలా తిరిగానో అలాగే. మా ముసలాళ్ళు ఇరవై ముగ్గురూ ఒక్కమాట మీదున్నారు. చిన్నవాళ్ళలో చిన్నమ్మి పద్ధెనిమిది మందిని కూడగట్టింది. చిన్నమ్మి చంటిపిల్ల తల్లి, నోరున్న మనిషి, హైస్కూలు చదువుకుంది. మాఘం మీటింగుకి మాత్రం రాలేదు, అప్పుడు పురిట్లో ఉంది.

"నలభై ఒకటి పిన్నీ" అంది వేళ్ళు ముడిచి. "ఆల్లకి ఇరవయ్యొకటే. ఎక్కువ మనవైపే ఉన్నాయి."

వైకుంఠరావుకి దాచలేదు. దాచడం నాకు రాదు. మజ్జిగ పోస్తూ చెప్పాను, "మాకు నలభై ఒకటి ఉన్నాయిరా. నీ కంపెనీవోల్లకి సెప్పు, ఊరికే పెట్రోలు తగలెయ్యొద్దని."

"ఉన్నాయి మరి" అన్నాడు వాడు. మజ్జిగన్నంలో మామిడికాయ ముక్క నంజుకున్నాడు. నన్ను చూడలేదు. వాడు తినేటప్పుడు ఎప్పుడూ విస్తరినే చూస్తాడు, చిన్నప్పటినుంచీ అంతే, అందుకే నాకేమీ తోచలేదు. వరలక్ష్మి మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. వెంటనే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వైశాఖం ఆదివారం అరవై ఇద్దరమూ వచ్చాం. గురువమ్మత్తని రిక్షాలో తెచ్చాం. ముందు వరసలో కుర్చీలు వేసి మమ్మల్ని కూచోబెట్టారు. కమిటీ తరఫున ఒకామె కంపెనీ గురించి మాట్లాడింది. నేను లేచి మేడ గురించి మాట్లాడాను. బాగా మాట్లాడాననే చెప్పాలి, వెనక చాపల మీదనుంచి చప్పట్లు కొట్టారు. తరవాత వైకుంఠరావు చేతులెత్తమన్నాడు.

"ఇయ్యాలన్నోల్లు."

ఇరవయ్యొకటి. పైకే లెక్కపెట్టాడు.

"ఇవ్వకూడదన్నోల్లు."

నేను చెయ్యి ఎత్తాను. నా పక్కన గురువమ్మత్త వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని ఎత్తింది. ముందు వరస వరసంతా ఎత్తింది. వైకుంఠరావు మమ్మల్ని దాటుకుని వెనక్కి వెళ్ళాడు. చాపల దగ్గర ఒకటి, రెండు అని మొదలుపెట్టాడు. పద్ధెనిమిది దగ్గర ఆగాడు. బల్ల దగ్గరికొచ్చి పుస్తకంలో రాసుకోబోయాడు.

"ముందు వరస మర్సిపోనావు" అన్నాను.

"నేదప్పా."

"ఏటి నేదు? ఇరవై మూడు సేతులున్నాయిక్కడ."

వాడు కలం మూత పెట్టాడు. "మీరు అబసర సభ్యులు. మీకు భోట్ ఉండదు. మాఘంలో మీరే తీర్మానం సేసుకున్నారు."

నాకు అర్థం కాలేదు. నిజంగా కాలేదు. "అవసరమైనోల్లకి ఓటు నేకపోడవేటిరా?" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో నవ్వబోయి ఆపుకున్నారు. అప్పుడు చిన్నమ్మి పిల్లని భుజాన వేసుకుని వెనకనుంచి లేచింది. దాని మొహం పాలిపోయి ఉంది.

"పిన్నీ, అబసర అంటే అవసరం గాదు" అంది. "రిటైరు. పని మానీసినోల్లు అని."

మా ఇళ్ళలో ఎవరికీ ఉద్యోగాల్లేవు. రిటైరయ్యేది ఎవరు, ఆ మాట మా చెవిన పడేదెప్పుడు? పడినా బయట ఒడియావాళ్ళు కూడా రిటైరనే అంటారు. గురువమ్మత్త చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. ఏమన్నారే, ఏమన్నారే అని నన్ను అడుగుతోంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కిందకి దించాను.

తీర్మానం నెగ్గిందని రాశారు. ఇరవయ్యొకటి, పద్ధెనిమిది.

మర్నాడు మధ్యాహ్నం వైకుంఠరావు భోజనానికి వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, పీట వాల్చుకుని కూచున్నాడు. వాడికి సిగ్గు లేదనుకోను. రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని వచ్చాడు. విస్తరి వేశాను. అన్నం పెట్టాను, పప్పు పెట్టాను, నెయ్యి వేశాను. వాడు కలుపుకోబోతుంటే చెప్పాను.

"ఇదే ఆఖరు. తినీసి ఎల్లు."

"అప్పా, నాను తప్పు సదవలేదు. కాయితంలో ఉన్నదే సదివాను."

"నువ్వు తప్పు సదవలేదు. నాను తప్పు విన్నాను. విన్నానని నీకు తెల్సు. గురువమ్మత్త అడిగినప్పుడు నవ్వినావు సూడు, అప్పుడు తెల్సు నీకు."

వాడు చాలాసేపు పప్పన్నం కలుపుతూనే ఉన్నాడు. ఆ కంపెనీలో వాడికి మేనేజరు ఉద్యోగం ఖాయమైందని అప్పటికే చిన్నమ్మి చెప్పింది. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. సగం తిని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, "సత్రపురం ఆఫీసుకెల్లి గొడవలు పెట్టకు. పెడితే నీకే మంచిది కాదు" అన్నాడు. బెదిరిస్తున్నాడనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

వరలక్ష్మి మీద మాత్రం నాకు అనుమానం లేదు. మాఘంలో నేను అడిగినప్పుడు అది బట్టలు తీసే ధ్యాసలో ఉంది, సరిగ్గా వినలేదు, అవసరమే అని నా మాటే నాకు తిరిగి చెప్పింది అనుకున్నాను. పైగా అది కూడా వెళ్ళొద్దనే అంది.

"ఊరుకో అమ్మా. ఇంక సాలు. ఎన్నాల్లని ఒత్తుతావు?"

"సచ్చీదాకా" అన్నాను. మంగళవారం పొద్దున్న ఛత్రపూర్ బస్సెక్కాను, మావాళ్ళ నోట్లో సత్రపురం అదే.

సంఘాలు రిజిస్టరు చేసే ఆఫీసులో ఒక కుర్ర అధికారి ఉన్నాడు. నాకు కుర్చీ వేయించాడు, మాఉసీ అన్నాడు, మంచినీళ్ళిప్పించాడు. నోటి ఒడియాలో నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని మా సంఘం ఫైలు తెప్పించాడు. మాఘం తీర్మానం నకలు తీసి చదివాడు.

"ఇది ప్రతిపాదించింది మీరే" అన్నాడు. "ఇదిగో మీ సంతకం."

"చేశాను బాబూ. అర్థం తెలీక చేశాను. మేము అవసరం అనుకున్నాం."

ఆయన నవ్వలేదు. అందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. "మిమ్మల్ని మోసం చేసి సంతకం తీసుకున్నారని రాసివ్వండి. విచారణ చేస్తాం. చదివి వినిపించింది ఎవరు, రాసింది ఎవరు, తెలిసీ చెప్పనివాళ్ళు ఎవరు, పేర్లన్నీ రాయాలి. దస్తూరీ కార్యదర్శిది కాదు, ఎవరిదో తెలుసా?" అని కాగితం నావైపు తిప్పాడు.

ఒడియా అక్షరాలు నాకు రావు. కానీ ప్రతి అక్షరానికీ నెత్తిన గుండ్రంగా గొడుగు ఉంటుందని తెలుసు. బళ్ళో చేరిన ఏడు మా వరలక్ష్మి నా పీట పక్కనే కూచుని పలక మీద దిద్దేది. గొడుగుని అక్కడితో ఆపేది కాదు, పక్క అక్షరం మీదికి సాగదీసేది. పక్కదానికి ఎండ తగులుతుందని చెప్పేది. మాస్టరు దానికే అరచేతి మీద కొట్టేవాడు. ఎన్ని కొట్టినా మానలేదు. ఆ కాగితం మీద ప్రతి గొడుగూ పక్క అక్షరం మీదికి సాగి ఉంది. పై వరసనుంచి కింద నా సంతకం దాకా.

"మాఉసీ, తెలుసా?" అన్నాడాయన మళ్ళీ.

"రేపు రాయించి తెస్తాను" అన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూచున్నాను. ఏడుపు రాలేదు. తమ్ముడి మీద వచ్చిన కోపంలాంటిది కూడా కాదు అది. అలాంటి కోపమైతే నాకు నోరుంది, తిట్టి పారేద్దును. వైకుంఠరావు బెదిరించలేదని అప్పుడు తెలిసింది. నిజమే చెప్పాడు. దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడుచుకుంటూ వచ్చాను.

వరలక్ష్మి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నేను చెప్పులు విడుస్తూనే అడిగాను.

"మాఘం తీర్మానం నువ్వు రాసినావా?"

చేతిలో చాట ఆగింది. "మావ రాయమన్నాడు. నా దస్తూరీ బాగుంతాదని."

"అర్థం తెల్సా?"

"తెల్సు."

"దండెం దగ్గర నానడిగినప్పుడు?"

"తెల్సమ్మా."

అది తలెత్తి నన్నే చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. తప్పు చేసినదాని చూపులా లేదు.

"నీ సేతులు సూసుకున్నావా?" అంది. "పిండిలో క్షారం తినీసి సేతి ఏల్లు పగిలిపోనాయి. రాత్రుల్లు నడుము పట్టుకుని మూలుగుతావు, నీకు తెలీదు, నాను వింతాను. మానమంటే మానతావా? పదిసార్లు సెప్పాను. సంఘం దింపితే దిగుతావనుకున్నాను."

"నాకోసవే సేసినావన్నమాట."

"కంపెనీలో గుమస్తా ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు మావ. అదీ ఉంది. నాను జన్మంతా ఒత్తలేను. అబద్ధం సెప్పనమ్మా."

"ఇప్పుడు సెప్పవా?"

బియ్యంలోకి చూసింది. మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. నేను పక్కనే చతికిలపడ్డాను. దాని మాటల్లో నాకు ప్రేమ కనిపించింది. కనిపించలేదని నేను అబద్ధం చెప్పను. ఆ ప్రేమే నా గుండెల్లో ఎక్కువ గుచ్చుకుంది. గురువమ్మత్తని మోసం చేసినవాడికి గురువమ్మత్త పరాయిది. నా బిడ్డ నన్ను చూసుకుంటూనే, నా చేతుల మీద జాలిపడుతూనే, నా కళ్ళెదుట నిలబడి ఆఁ అదే అనేసింది. నాకు చదువు రాదని దానికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు?

"కాయితం తే" అన్నాను. "అర్జీ రాయాల."

"ఎవులు రాస్తారు?"

"నువ్వే. నాను సెప్పినట్టు రాయి. ఒక్క మాట మార్సకు."

రాసింది. చాట పక్కన పెట్టి, నేల మీద కూచుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని. నేను తెలుగులో చెబుతుంటే ఒడియాలో రాసింది. మా తమ్ముడు ఫలానా వైకుంఠరావు తీర్మానం చదివాడు అన్నాను, రాసింది. గురువమ్మ అడిగితే తప్పుదోవ పట్టించాడు అన్నాను, రాసింది.

"ఆ తీర్మానం రాసింది నా కూతురు వరలక్ష్మి. నేను అర్థం అడిగితే తెలిసి తప్పు చెప్పింది."

కలం ఆగింది. "అమ్మా, నా పేరు పెడితే నాకింక ఎక్కడా ఉద్యోగం రాదు."

"రాయి."

కళ్ళనీళ్ళు కాగితం మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని రాసింది. నేను ఆపలేదు. ఆ ఒక్క వాక్యం లేకుండా కూడా అర్జీ నడిచేదేమో. ఎన్నోసార్లు అనుకున్నాను. అప్పుడు అనుకోలేదు.

సాయంత్రం కాగితం పట్టుకుని చిన్నమ్మి ఇంటికి వెళ్ళి చదివించుకున్నాను. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది. వరలక్ష్మి గురించిన వాక్యం దగ్గర గొంతు తగ్గించింది. "నువ్వు సెప్పిందే ఉంది పిన్నీ. ఒక్క మాట అటూ ఇటూ నేదు" అంది.

మర్నాడు వరలక్ష్మి తనూ వస్తానంది. అధికారి ముందు తనే చెబుతుందట. సరే రమ్మన్నాను. ఆ అర్జీ మీద విచారణ జరిగింది, మూణ్ణెల్లకి రెండు తీర్మానాలూ కొట్టేశారు, వైకుంఠరావుని తీసేశారు, మేడ మాకు మిగిలింది. ఇదంతా ఊరికి తెలుసు. నేను ఇప్పటికీ ఆ మేడ మీదే ఆరబెడుతున్నాను. వరలక్ష్మి నా పక్కనే కూచుని గుడ్డలు పరుస్తుంది. దానికి ఇంకెక్కడా ఉద్యోగం రాలేదు.

ఆ రోజు ఛత్రపూర్‌లో బస్సు దిగి ఆఫీసు వైపు నడుస్తుంటే, కోర్టు గోడ పక్కన అర్జీలు రాసేవాళ్ళు గొడుగుల కింద బల్లలేసుకుని కూచున్నారు. నేను ఆగాను. ఒక ముసలాయన బల్ల ముందు నిలబడి కొంగు ముడిలోంచి కాగితం తీశాను.

"నిన్న సిన్నమ్మి సదివింది గదా అమ్మా" అంది వరలక్ష్మి.

"సదివింది" అన్నాను. చిన్నమ్మి మంచిది. ఒక్క మాటా మారలేదని నాకు తెలుసు.

కాగితం ముసలాయన చేతిలో పెట్టి, చదివి వినిపించమన్నాను.